శేషయ్య గారి వంతు

ఆగస్టు 4, సోమవారం
సైకాలజీ ట్రైనీగా నా మొదటి అసెస్‌మెంట్. శేషయ్య గారు, యాభై దాటిన మనిషి. కొట్లాట కేసులో వచ్చారట, అంతకుమించి వివరం లేదు. మూడేళ్లుగా బందరు ఆసుపత్రిలో, తాళం వేసి ఉంచే మానసిక వార్డులో. మందులు పనిచేస్తున్నాయి, మాట తిన్నగా ఉంది. ఇక్కడే ఉంచాలా, తాళాల్లేని గుడివాడ హోమ్‌కు పంపొచ్చా — చూసి రాయాల్సింది నేను. తేల్చే కమిటీ పద్దెనిమిదిన. ఇప్పుడు కాదంటే మళ్లీ ఏడాది దాకా ఆయన ఊసు ఎవరూ ఎత్తరు.

ఆగస్టు 5
పాత రిపోర్టులన్నిటిలో ఒకటే మాట — ‘దూకుడు’. ఎంత జిగురు ఈ మాటకి! ఒకరు అతికించారు, ఇంక ఊడలేదు. నేను చూసిందే రాస్తాను.

ఆగస్టు 6
చూశాను. పెరట్లో కుళాయి దగ్గర బకెట్ల వేళ. ఒకాయన రెండో బకెట్ పెట్టగానే శేషయ్య గారు వచ్చి కుళాయి కట్టేశారు. తోపులాట. అటెండర్ సూరిబాబు గారు మధ్యలో దూరి — “మిగతా రోజంతా ఆవులాంటి మనిషండీ. నీళ్ల దగ్గరే ఏదో పూనుద్ది.”
ఎందుకు కట్టేశారని అడిగాను. “అయిపోయింది కదమ్మా” అన్నారు.
ఏం అయిపోయింది?

ఆగస్టు 8
మొవ్వ దాటి ఆయన ఊరు. నాట్లు పడుతున్నాయి. అన్నగారు, వదినగారు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.
“మావోడు కాలువ లస్కరమ్మా. తూము ఎత్తేదీ దించేదీ వాడే. వంతు అయిపోతే సొంత అన్న చేనైనా సరే, కట్టేసేవాడు.” అన్నగారు నవ్వుతూ.
“నవ్వింది చాల్లే” — వదిన.
వంతు! దూకుడు కాదు, డ్యూటీ! మనసులో వాక్యాలు అల్లేసుకుంటున్నాను... వదిన అన్నగారి చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి మీద పొడవాటి మచ్చ. వంతు అయ్యాక నీళ్లు ఇంకాసేపు ఉంచమన్నందుకు, తూము దగ్గరే, శేషయ్య గారు పారతో కొట్టింది. ఆ కొట్లాట ఇదే.
“ఇంకాసేపు అనేవాళ్లు ఆ గుడివాడలోనూ ఉంటారు కదమ్మా?”
ఆ ప్రశ్న నోట్సులో రాసుకున్నాను.

ఆగస్టు 9
నా పని చూసే సూపర్‌వైజర్ మేడమ్ అన్నారు — “కారణం దొరికిందని ప్రమాదం పోదు. ఎక్కడుందో తెలిసింది. అక్కడ పని చెయ్యి.”
చేస్తాను.

ఆగస్టు 11
“లస్కరు డ్యూటీ ఎలా దిగుతారండీ?”
“తర్వాతోడు రావాలి. షట్టర్ తిప్పే హ్యాండిల్ చేతికివ్వాలి. నీళ్లెంతున్నాయో చెప్పాలి. అప్పుడే ఇంటికి.”
“మీరెవరికిచ్చారు?”
“పోలీసులు తీసుకొచ్చేశారు కదమ్మా.”
దిగనే లేదు ఈయన.

ఆగస్టు 12
అన్నగారికి ఫోన్. ఇప్పటి లస్కరు ఏసుబాబును తీసుకొస్తారట. “మా ఆవిడ తిడతది. అయినా తెస్తా.”

ఆగస్టు 14
వచ్చారు. ఇనుము కాబట్టి హ్యాండిల్ గేటు దగ్గరే ఆపేశారు. శేషయ్య గారు రెండు ఖాళీ చేతులు చాచి, ఏసుబాబు చేతుల్లో ఏదో బరువు పెట్టినట్టు పెట్టారు.
“మలుపు దగ్గర గట్టు పల్చన. గండి పడుద్ది, చూసుకో.”
“చూసుకుంటా మావయ్యా. నువ్వింక దిగు.”
“మా అన్న అడిగినా ఎక్కువ ఇవ్వమాక.”
అన్నగారు పెద్దగా నవ్వారు. నవ్వాలో, రాసుకోవాలో తెలియలేదు నాకు.

ఆగస్టు 15
సెలవైనా వెళ్లాను. కుళాయి కట్టలేదు.

ఆగస్టు 16
ఈరోజూ కట్టలేదు.

ఆగస్టు 17, ఆదివారం
కొత్తగా చేరినాయన బకెట్ నిండినా జరగలేదు. “ఇంకాసేపు ఉండనీ” అన్నాడు. మేమెవరం నేర్పి అనిపించిన మాట కాదు. శేషయ్య గారి చెయ్యి లేచింది... కుళాయి దాకా వెళ్లి ఆగింది. నా వైపు చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నీళ్లు పొర్లిపోతూనే ఉన్నాయి.
రిపోర్టు దాదాపు పూర్తయింది. ‘దూకుడు’ లేదు. ‘నయమైంది’ కూడా లేదు. చెయ్యి లేచిందని, ఆగిందని, నా వైపు చూశారని రాశాను. హోమ్‌కు పంపాలని, కొన్నాళ్లు కుళాయి దగ్గర ఒక మనిషి ఉండాలని రాశాను.
వదిన ఫోన్ — “నువ్వు గ్యారంటీ ఇస్తావా అమ్మా?”
నేను అక్కడ లేకపోయినా ఆ చెయ్యి ఆగేదా?
రేపు కమిటీ పదకొండింటికి. బకెట్ల వేళ అంతకంటే ముందే. సూరిబాబు గారికి చెప్పాను, ఆయన దగ్గర్లో ఉంటారు. నేను స్టోర్ తలుపు వెనక నిలబడతాను, శేషయ్య గారికి కనబడకుండా.
రేపు అక్కడ చూసేది రాయడానికి రిపోర్టులో చివరి నాలుగు లైన్లు ఖాళీగా వదిలాను.