కారణం గడిలో నా పేరు

వైద్యాధికారి గారి సముఖమునకు,
ఇబ్రహీంపట్నం మండలం, రంగారెడ్డి జిల్లా.

అర్జీదారు: జంగా శ్రీశైలం, తండ్రి సిద్దయ్య, వయస్సు 29 సం., వృత్తి చేపల అమ్మకం.

అయ్యా,

విషయం: నా భార్య మనోజ తల్లీబిడ్డల కార్డులో గర్భస్రావానికి రాసిన కారణమును కొట్టివేసి, ఆ స్థానమున నా పేరు చేర్చుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా:

1. మా వివాహమై మూడేళ్ళు. ఇప్పటికి రెండు గర్భములు పోయినవి. మొదటిది మూడో నెలలో. రెండవది పోయిన నెల, ఐదో నెల నిండినాక. తమ ఆసుపత్రిలో బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చినారు. రిజిస్టరులో బరువు అను గడిలో గీత గీసి ఉన్నది. బరువు మూడు వందల గ్రాములు. రోజూ చేపలు తూచే చేయి కనుక తక్కెడ లేకుండానే చెప్పగలను. ఆ చేతులతోనే పూడ్చి వచ్చితిని.

2. కార్డులో "కారణం: తల్లి బలహీనత" అని ఉన్నది. ఇందులో కార్డు రాసిన నర్సు తప్పు లేదు. ఆ గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు ఒప్పుకోరట. ఆమె అడిగినప్పుడు మనోజ మాట్లాడే స్థితిలో లేదు, నేను బిడ్డతో బయట ఉన్నాను. పక్కనున్న మా అమ్మ బాలనర్సమ్మ ఏది చెబితే అది రాసుకున్నారు. కార్డులో తండ్రిని గురించి అడిగినవి రెండే, పేరు మరియు ఫోన్ నంబరు.

3. సదరు కార్డును మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివారికీ చూపుతున్నది. "సర్కారు కాగితమే చెప్తుంది, దాని ఒంట్లనే బలం లేదట" అంటున్నది. ఈ ఆదివారం మనోజ పుట్టినూరైన మంచాలలో పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఆమెను అక్కడే వదిలి రావలెనని నిర్ణయమైనది. నాకు వేరే సంబంధం చూస్తారట.

4. నాకు పదమూడో ఏట నుండి టైపు వన్ షుగరు ఉన్నది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోనిదే బతకను. పెండ్లి మాటలప్పుడు ఈ సంగతి దాచినారు. దాచినారు అని రాయుట సరికాదు, దాచినాము. "పెండ్లయినంక చెప్దువు తియ్" అని మా అమ్మ అన్నది. పెండ్లయినది, నేను చెప్పలేదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే మనోజ చూస్తుందని, ఇన్సులిన్ బుడ్లను స్టీలు డబ్బాలో పెట్టి, నేను బండి మీద ఆదిభట్లకు చేపలు తీసుకుపోయే మంచు పెట్టెలో, కొర్రమీనుల కింద దాచితిని. పొద్దున చెరువు కాడ, రాత్రి పెట్టె కడిగే నెపంతో సూది వేసుకునేవాడిని. కడుపుతో ఉన్నప్పుడు చేపల వాసనకు వాంతులై, ఆమె ఆ పెట్టె మూత ముట్టుకోదని నాకు తెలుసు. ఆ వాంతులే నాకు అక్కరకు వచ్చినవి.

(పై పంక్తులలో అక్షరాలు చెదిరినందుకు మన్నించగలరు.)

5. రెండో బిడ్డ పోయినాక భయపడి ఒక్కడినే పట్నంలో షుగరు డాక్టరు వద్దకు పోయితిని. మూడు నెలల షుగరు పరీక్షలో పన్నెండు వచ్చినది, ఏడు లోపల ఉండవలెనట. బుడ్లు ఎక్కడ పెడుతున్నావని అడిగితే చెప్పినాను. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పాడైపోతుందట. నేను మూడేళ్ళుగా చాలాసార్లు పాడైనదే పొడుచుకున్నానట. నా వీర్యం కూడా పరీక్ష చేయించినారు. కణములలో దెబ్బ ఉన్నదని వచ్చినది. షుగరు అదుపులో లేకుంటే మగవాని విత్తనం కూడా చెడుతుందని, గర్భం నిలవకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చునని, కానీ ఇదే కారణమని ఎవరూ గట్టిగా చెప్పలేరని అన్నారు. మనోజకు ఇదివరకే చేసిన పరీక్షలన్నీ బాగున్నవి.

6. ఈ మాట నేను నోటితో చెబితే పెండ్లాం మీది ప్రేమతో అంటున్నాడని మా అమ్మ కొట్టిపారేస్తుంది. ఆమె నమ్మేది తమ ముద్ర ఉన్న కాగితమును మాత్రమే.

కావున తమరు దయతో, శనివారం సాయంత్రం లోపల, "తల్లి బలహీనత" అను మాటను కొట్టివేసి "తండ్రి, జంగా శ్రీశైలం" అని రాసి ముద్ర వేయించవలెను. రిజిస్టరులో బరువు గడిలో గీత తీసివేసి మూడు వందల గ్రాములని రాయించవలెను. తండ్రి రోగమును అడిగే గడి ఒకటి కార్డులో పెట్టించవలెను. ఉంటే అబద్ధమే చెప్పేవాడినేమో, అయినా ఒకరు అడిగి ఉండేవారు.

ఈ గోడును చిత్తగించవలెనని వేడుకొను,
తమ విధేయుడు,
జంగా శ్రీశైలం

మళ్ళీ రాయునది: అయ్యా, ఇక్కడి నుంచి రాసేది మనోజను. పైదంతా రాసింది కూడా నేనే. ఆయన ఏడో తరగతిలో బడి మానేశాడు. మా ఇంట్లో ఏ కాగితమైనా రాసేది నేనే. "కార్డుల తప్పు పడ్డది, జర అర్జీ రాసిపెట్టు" అని కూర్చోబెట్టి, గోడవైపు తిరిగి చెప్పుకుంటూ పోయాడు. నాలుగో నంబరు కాడ కలం పెట్టేసి బయటికి పోయాను. ఆ పెట్టె మూత మొదటిసారి తీశాను. తర్వాత వచ్చి మిగతాది రాశాను.

ఆయన మీద నాకు ఎంత కోపముందో ఈ కాగితం మీద పట్టదు. అది మా ఇంట్లో చూసుకుంటాను. కానీ కారణం గడిలో ఆయన పేరు రాయవద్దు. నా పేరూ వద్దు. గట్టిగా చెప్పలేమని డాక్టరే అన్నప్పుడు ఆ గడి ఖాళీగా ఉంచండి. పైవాళ్ళు అడిగితే ఈ అర్జీ చూపండి. ఆదివారం మంచాలలో దీని నకలు నేనే చదువుతాను, మా అత్త ముందరే.

పాత బుడ్లు పారేశాను. కొత్తవి తెప్పించి ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టాను. అంగన్‌వాడీలో నాకిచ్చే గుడ్లు అక్కడ ఉండేవి, ఇప్పుడు ఇవ్వడం లేదు కనుక అర ఖాళీగానే ఉంది.

బరువు మాత్రం రాయించండి. బిడ్డను నాకు చూపలేదు. మూడు వందల గ్రాములని ఈ అర్జీ రాస్తుంటేనే నాకు తెలిసింది.