నేల ఆరిన రోజు

మార్చి 4, సోమవారం

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చింది. డ్రైనేజీ సెక్షన్ నుంచి కుక్కల షెల్టర్‌కి. ఈ ఊరి మురుగు ఎటు పోవాలో ఇరవై రెండేళ్లుగా చెప్పిన మనిషిని. రేపటి నుంచి యాభై తొమ్మిది కుక్కలకి ఇన్‌చార్జిని. కొత్త కల్వర్టు వాలు తప్పని ఉన్నదున్నట్టు రిపోర్టు రాసినందుకు ఇది బహుమానం. సెక్షన్లో అందరూ నవ్వు ఆపుకుంటూ ఆల్ ది బెస్ట్ చెప్పారు. టైపిస్టు మాత్రం ఆపుకోలేకపోయింది.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. మా ఆయన పోయిన ఈ ఆరేళ్లుగా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మంచైనా చెడైనా చెప్పుకోవడానికి ఆవిడే. కుక్కలా, అంటూ కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కుంది. అవి అప్పుడే గదిలోకి వచ్చేసినట్టు! ఆ బట్టలతో గడప దాటడానికి వీల్లేదు, పెరట్లోనే స్నానం చేసి లోపలికి రా అంది.

మార్చి 5

పొడుగాటి రేకుల షెడ్డు. ఇటు పధ్నాలుగు గదులు, అటు పధ్నాలుగు, ఎదురెదురుగా. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు. నేను అడుగుపెట్టగానే యాభై తొమ్మిదీ ఒక్కసారిగా అరుపులు అందుకున్నాయి. నా పేరు నేను చెప్పుకుంటే నాకే వినబడలేదు.

కడిగేది, తిండి పెట్టేది, మందు తాగించేది అంతా ఒక్క మనిషే. పదకొండేళ్ల సర్వీసు. చేతిలో బకెట్ లేకుండా చూసినవాళ్లు లేరట, అందుకని అందరూ బకెట్ బాబాయి అంటారు.

టేబుల్ మీద నోటీసు ఉంది. ఏప్రిల్ 30న ఆరోగ్య శాఖ తనిఖీ. ఫెయిలైతే షెల్టర్ మూసేసి, కుక్కల్ని ఊరి బయట యార్డుకి పంపేస్తారు. ఆ యార్డు ఎలా ఉంటుందని బాబాయిని అడిగాను. నాకు తెలీదు మేడమ్, లారీ ఎక్కి వెళ్లిన కుక్క ఒక్కటీ తిరిగొచ్చి చెప్పలేదు అన్నాడు.

మార్చి 6

కొత్త చెప్పులు పాడయ్యాయి.

మార్చి 9, శనివారం

ఎనిమిదో నంబరు గదిలో రెండు కుక్కపిల్లలు చనిపోయాయి. వీటితో ఆరు, రెండు వారాల్లో. పశువుల డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వస్తుంది. ఇది విరేచనాల జబ్బు, తడిలోనే పాకుతుంది, ఈ నేల పూర్తిగా ఆరిన రోజు ఒక్కటి చూపించండి అని నన్ను నిలదీసింది. కోపం నామీద కాదనుకుంటా. వెళ్లేముందు నా భుజం మీద చెయ్యేసింది.

ఆవిడ వెళ్లాక ఒక మగ్గు నీళ్లు నేల మీద పోశాను. పాత అలవాటు. నీళ్లు కాలవ వైపు వెళ్లాలి కదా. రెండడుగులు వెళ్లి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి ఎనిమిదో గదిలోకి పోయాయి. ఎనిమిది నుంచి ఏడులోకి. ఏడు నుంచి ఆరులోకి.

నేల వాలే తప్పు. బాబాయి రోజుకి రెండుసార్లు నడుం విరిగేలా కడుగుతున్నాడు. ఆ నీళ్లతోనే జబ్బు ఒక గది నుంచి ఇంకో గదికి పోతోంది. ఈ మాట ఆయనకి ఏ నోటితో చెప్పను?

మార్చి 11

చెప్పాను. తెలుసు అన్నాడు.

ఇదివరకు ముగ్గురు ఆఫీసర్లకి చెప్పాడట. నీ పని కడగడం, కడుగు అన్నారట. అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం గోనెసంచి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, పిల్లలున్న గది వరకైనా ఆరబెడుతున్నాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర రెండు పొరల అతుకులు. నేను వారం నుంచి చూస్తున్నాను, ఎందుకని అడగలేదు.

నేల తవ్వి వాలు సరిచెయ్యాలని మున్సిపల్ కమిషనర్‌కి రిపోర్టు రాశాను. కింద ఆయన చేత కూడా సంతకం పెట్టించాను. చాలాసేపు పట్టింది. అక్షరం అక్షరం చెక్కినట్టు పెట్టాడు.

మార్చి 14

వెనక వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. అరుపుల మీద ఇప్పటికి నలభై ఫిర్యాదులు పెట్టిన మనిషి. మా ఆవిడకి గుండె ఆపరేషనైంది, మీ కుక్కలు నిద్రపోనివ్వవు అని గట్టిగా అరిచారు. నేనూ అరిచాను. కుక్కలు మా ఇద్దర్నీ మించి అరిచాయి.

ఆయన సాక్ష్యంగా ఒక నోట్‌బుక్ నా ముందు పడేశారు. నిమిషాలతో సహా నాలుగు నెలల అరుపులు. కోపంగానే పేజీలు తిప్పాను. తిప్పుతుంటే కోపం ఎటు పోయిందో! కడిగేవేళ, తిండివేళ, అంటే ఎవరైనా షెడ్డు సందులో నడిచిన ప్రతిసారీ గోల మొదలైంది. నడవనప్పుడు లేదు. ఎదురుగా ఉన్న కుక్క లేవడం చూసి ఇవతలిది, దాన్ని చూసి పక్కది. కంటికి కనబడకపోతే సగం గోల ఉండదు.

మాస్టారూ, ఈ పుస్తకం నాకు ఇస్తారా అని అడిగాను. ఫిర్యాదు తీసుకున్నట్టు రసీదు ఇస్తే ఇస్తానన్నారు. ఇచ్చాను.

మార్చి 20

కమిషనర్ ఒప్పుకున్నారు. డ్రైనేజీ గోడౌన్‌లో మిగిలిన పైపులు, సిమెంటు వాడుకోవచ్చు. కానీ నేల తవ్వాలంటే ముందు ఒక వరుస ఖాళీ చెయ్యాలి. ముప్ఫై కుక్కలు, నెల రోజులు. ఎక్కడ పెడతావని అడిగారు. ఇళ్లలో అన్నాను. ఎవరిళ్లలో అన్నారు. ఆ ప్రశ్న మాత్రం అడక్కుండా ఉండాల్సింది.

మార్చి 22

షెల్టర్ పాత రిజిస్టర్ ఇంటికి తెచ్చాను. కుక్క కావాలని అడిగినవాళ్ల పేర్లు, నంబర్లు ఆరేళ్లవి ఉన్నాయి. ఒక్కరికీ ఎవరూ తిరిగి ఫోన్ చెయ్యలేదు. నేను చేశాను. నాలుగో కాల్‌కే బతిమాలడం మొదలుపెట్టాను.

అలా అడుక్కుంటున్నట్టు మాట్లాడితే ఎవరిస్తారే, ఇటివ్వు అని అత్తయ్య ఫోన్ లాక్కుంది. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. నమస్కారమండీ, మీరు అడిగిన విషయం గురించి మాట్లాడుతున్నాను, లైన్లోనే ఉండండి అంది. ఆ గొంతు విని నేనే నిటారుగా కూర్చున్నాను. కుక్క వాసన కూడా పడని మనిషి, రాత్రి భోజనాలయ్యేలోపు పదకొండు కుక్కలకి ఇల్లు చూసింది.

మార్చి 29

ఇరవై తొమ్మిది వెళ్లాయి. మిగిలింది మెడలో పదిహేడో నంబరు బిళ్ల ఉన్న కుక్క. ముసలిది, ఒక కన్ను లేదు. ఇంటికి తీసుకొచ్చాను. అత్తయ్య కాళ్లు కింద పెట్టలేదు. భోజనం మంచం మీదే చేసింది.

ఏప్రిల్ 4

ఒక ఇంట్లో గేటు తీసి ఉంచారు. మూడో నంబరు కుక్క రోడ్డు మీదికి పరిగెత్తి వ్యాను కింద పడింది.

నేనే పంపాను.

ఏప్రిల్ 6

అత్తయ్య రెండు రోజులుగా ఫోన్ ముట్టలేదు. ఆ ఇంటివాళ్లని ఫోన్లో ఒప్పించింది ఆవిడే. ఈరోజు పొద్దున అద్దాలు పెట్టుకుని, మిగతా ఇళ్లన్నిటికీ వరసగా ఫోన్ చేసి ఒకటే అడిగింది: మీ గేటుకి గొళ్లెం ఉందాండీ, వెళ్లి చూసి చెప్పండి, నేను ఆగుతాను. ప్రతి ఇంటికీ ఆగింది.

నేను పనికెళ్లాను. బాబాయి అప్పటికే తవ్వుతున్నాడు.

ఏప్రిల్ 15

ఒక వరుస అయింది. ఉన్న కుక్కల్ని ఇటు మార్చి అటువైపు తవ్వుతున్నాం. సందు పొడుగునా గదుల ముందు, ఎదుటి కుక్క కనబడకుండా ఛాతీ ఎత్తున పాత ప్లైవుడ్ బోర్డులు నిలబెట్టాం. మాస్టారు కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టారు. అరుపులు సగానికి తగ్గాయి, కానీ నాలుగు రోజుల డేటా సరిపోదు అన్నారు.

ఏప్రిల్ 27

తెల్లవారుజాము నుంచి కుండపోత. సిమెంటు ఆరి మూడు రోజులే. నోట్లో నీళ్లు కూడా పోసుకోకుండా పరిగెత్తాను. షెడ్డు పక్క రేకు లేచిపోయి వాన నేరుగా లోపలికి కొడుతోంది. బాబాయి సందులో కదలకుండా నిలబడి ఉన్నాడు. చేతిలో బకెట్ లేదు. కాలవ వైపు చూపించాడు. పడ్డ చుక్క పడ్డట్టే జారి, ఒక్క గదిలోకీ తొంగిచూడకుండా బయటికి పోతోంది.

వాన ఆగిన ముప్పావుగంటకి నేల ఆరింది. ఆయన చెప్పులు విప్పేసి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. అరికాలు చూసుకున్నాడు. పొడిగా ఉందమ్మాయ్ అన్నాడు. మేడమ్ అనడం ఆ క్షణాన మర్చిపోయాడు. నేను గుర్తు చెయ్యను.

ఏప్రిల్ 30

తనిఖీ ఆఫీసరు తెల్ల కాగితం నేలకి అద్ది చూశాడు. నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఆరు నెలలు పొడిగించాడు, షరతులతో: గాలి చాలదు, రేకులు మార్చాలి. పాస్ కాదు, ఫెయిలూ కాదు. మూడు వారాలుగా ఒక్క పిల్లా చావలేదని డాక్టరమ్మ తన చేత్తోనే రిపోర్టులో రాసింది.

మే 6

కుక్కల్ని తిరిగివ్వాల్సిన రోజు. పద్దెనిమిది ఇళ్లవాళ్లు తిరిగి ఇవ్వం, మేమే ఉంచుకుంటాం అన్నారు. పదిహేడో నంబరుకి బండి పంపుతున్నానని మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాను. మీరు కోరిన లైను ప్రస్తుతం ఖాళీగా లేదు అని, అత్తయ్య ఆ ఆపరేటరు గొంతుతోనే చెప్పి పెట్టేసింది.

మే 21

మధ్యాహ్నం రెండింటికి మాస్టారు వాళ్లావిడ చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి గబగబా వచ్చారు. గంట నుంచి ఏమీ వినబడటం లేదు, ఏమైందమ్మా వాటికి అని అడిగారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

బాబాయీ నేనూ లోపలికి తీసుకెళ్లాం. అన్నీ పొడి నేల మీద కాళ్లు చాపుకుని పడుకున్నాయి. ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుంది. నలుగురం చెప్పులు చేతుల్లో పట్టుకుని బయటికొచ్చాం.