గుండెలో గంట

అక్టోబర్ 6, ఆదివారం
రెండోసారి కూడా తప్పాను. మందు మోతాదు లెక్కలు పది. పదీ సరిపోతేనే పాస్. తొమ్మిది సరిపోయాయి. పదోది సరిగ్గానే రాసి, భయమేసి చెరిపేశాను. మాకు నర్సింగ్ పాఠాలు చెప్పే సిస్టర్ ఇంతిసార్ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, నీమీద నీకే అంత పగేమిటే హియామ్ అంది.

ఇరవయ్యో తేదీన ఆఖరి ఛాన్స్. అదీ పోతే నర్సింగ్ లేదు.

అమ్మ పొయ్యిమీద ములూఖియా ఆకుకూర పులుసు కలుపుతూ, నేను ఉప్పు కొలిచే వేస్తున్నానా, మీ నాన్న తినట్లేదా అంది. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలు చావరు. పైకి అనలేదు.

అక్టోబర్ 8, మంగళవారం
లెక్కలంటే భయమున్నవాళ్లు కావాలని యూనివర్సిటీ ల్యాబ్‌లో నోటీసు. ఇర్బిద్ ఊరు మొత్తంలో నాకంటే అర్హులెవరు?

ల్యాబ్‌లో దీమా అనే ఆవిడ తలుపు గడియ వేశాకే హిజాబ్ తీశాను. తలకి వైర్ల టోపీ, జుట్టు నిండా జెల్. తెరమీద జవాబుతో సహా కూడికలు వస్తాయి. తప్పో ఒప్పో మీట నొక్కాలి.

తర్వాత గ్రాఫ్ చూపించింది. తప్పు చేస్తే ఎవరి మెదడైనా ఉలిక్కిపడుతుందట, ఆగి చూసుకుంటుందట. నీది ఉలిక్కిపడి పారిపోతోంది తల్లీ అంది. ఇంకోటి, సరిగ్గా నొక్కినా అలాగే ఉలిక్కిపడుతున్నావు అంది.

అక్టోబర్ 10
మూడుసార్లు తలంటుకున్నాను. జెల్ పోలేదు.

అక్టోబర్ 13, ఆదివారం
దొంగ వచ్చినా, గాలి వీచినా ఒకేలా మోగే ఈ గుండెలో గంటని ఎందుకు వినాలి? ఇవాళ వినలేదు. నలభై లెక్కలు చేశాను. ఒక్కటీ చెరపలేదు. నలభయ్యీ సరిపోయాయి. చాలా సంతోషంగా ఉంది. రబ్బరు చెత్తలో పడేశాను.

అక్టోబర్ 20, మధ్యాహ్నం
పరీక్ష అయింది. ఏడో లెక్క దగ్గర గుండెలో గంట గట్టిగా మోగింది. మోగితే మోగనీ అని ముందుకు వెళ్లాను.

అక్టోబర్ 21
ఏడోదే తప్పు. పన్నెండు కిలోల పిల్లాడికి ఏడున్నర మిల్లీలీటర్ల సిరప్ అని రావాలి. డెబ్బై అయిదు అని రాశాను. మందు పట్టావా, స్నానం చేయించావా అంది సిస్టర్ ఇంతిసార్. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా.

గంట ఆ ఒక్కసారి నిజం చెప్పింది. నాకెలా తెలుస్తుంది?

అక్టోబర్ 24
యూనిఫాం తిరిగి ఇచ్చేశాను. అమ్మ అన్నం పెట్టి, తిను అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 5, మంగళవారం
దీమా మళ్లీ పిలిచింది. అదే టోపీ, అవే కూడికలు. బోలెడు తప్పులు నొక్కాను. ఒక్కదానికీ గంట మోగలేదు, గ్రాఫ్‌లోనూ ఉలికిపాటు లేదు. భయం పోయిందే అని మురిసిపోయింది దీమా.