పెద్దాయనకు సూది

జూలై 3

పెద్దాయనకు షుగర్ అట. పిల్లికి షుగరేమిటని నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. పద్నాలుగేళ్ల పిల్లి అంటే మన లెక్కలో డెబ్బై దాటిన మనిషే అంది. ఇక రోజూ రెండు పూటలా, తిండి తిన్నాక, ఇన్సులిన్. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంటే ఎండలకనుకున్నాం. వెనక కాళ్లు ఈడుస్తుంటే ముసలితనం అనుకున్నాం. అనుకోవడంలో మా అక్కచెల్లెళ్లను మించినవాళ్లు లేరు.

ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అక్కకు ఎప్పటినుంచో షుగర్, ఇప్పుడు వీడికి. తీపంతా వాళ్లిద్దరికీ పోయి చేదు నాకు మిగిలింది.

జూలై 5

సూది వేయడం అక్కే నేర్పింది. తను రోజూ వేసుకునేదేగా. సీసా ఊపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. మెడ వెనక తోలు పైకి లాగి, ఆ మడతలో గుచ్చాలి. గుచ్చాను. తిన్న గిన్నె నాకుతున్న పెద్దాయన తల కూడా ఎత్తలేదు. అమ్మో అన్నది నేనే. అక్క పడీ పడీ నవ్వింది.

జూలై 16

చెకప్. షుగర్ దిగింది. ఆ ఆనందంలో నోరు జారాను. మా అక్క కంటే ఈ పిల్లి నయం డాక్టరమ్మా, పెట్టింది తిని ఊరుకుంటాడు, బియ్యం డబ్బా వెనక బిస్కట్లు దాచుకోడు అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. కాంపౌండర్ కూడా నవ్వాడు. అక్క పెద్దాయన బుట్టకు మూత వేసి బయటకు నడిచింది. దారంతా మాట లేదు.

జూలై 17

ఇంకా మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే డబ్బా వైపు వేలు చూపిస్తోంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? నేనూ వేలే చూపిస్తున్నాను.

జూలై 20

మా కళ్లజోళ్ల షాపులో స్టాక్ చూడటం మొదలైంది. పొద్దున్నే వెళ్లాలి, చీకటి పడ్డాక రావాలి. రెండు పూటలా సూది అక్కే వేస్తుంది. ఆ ఒప్పందం కూడా ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకునే. మందు తేవడం మాత్రం నా పని, మందుల షాపు మా షాపు పక్కనే కాబట్టి.

చెప్పులు విప్పుతూ ఇన్సులిన్ అయిందా అని అడిగాను. అయింది అంది. గొడవ తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

జూలై 24

ఇన్సులిన్ అయిందా అన్నాను. అయిపోయింది అంది. రెండక్షరాలు పెరిగాయి. మెత్తబడుతోంది.

జూలై 25

మళ్లీ అడిగాను. అయిపోయిందీ, ఎన్నిసార్లు చెప్పాలి అని కసిరింది. నిజమే, అప్పగించాక నిఘా పెట్టినట్టుంటుంది. ఇక అడగను.

జూలై 26

ఒళ్లు హూనం. రాగానే పడుకున్నాను. పెద్దాయన నీళ్ల గిన్నెను ఆనుకుని పడుకున్నాడు. అక్కడ చల్లగా ఉంటుంది కాబోలు.

జూలై 27, ఉదయం

పసుపు పచ్చని వాంతి. తిండి ముట్టలేదు. నోటి దగ్గర నెయిల్ పాలిష్ చెరిపే మందు వాసన. ఎత్తుకుని పరిగెత్తాం.

ఆఖరి సూది ఎప్పుడు వేశారని డాక్టరమ్మ అడిగింది. నిన్న సాయంత్రం అని నేనన్నాను. మందు అయిపోయి మూడు రోజులైందిగా అని అక్క అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అయిపోయింది. సీసా అయిపోయింది. తను చెప్పింది అది. నేను విన్నది వేరు.

జూలై 27, మధ్యాహ్నం

సెలైన్ ఎక్కుతోంది. మధ్యలో సూదులు ఆగడంతో ఒంట్లో విషం పేరుకుందట. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

షాపులో మందు దొరకడం లేదేమో, ఆ ముక్క చెప్పడానికి కూడా నాకు నోరు రావడం లేదేమో అనుకుందట అక్క. ముందు తనే అడిగితే లోకువైపోతానని ఊరుకుందట. తన మందే వేద్దామని ఒకసారి సిరంజి కూడా తీసిందట. మనుషులది వేరు, మోతాదు తప్పితే చచ్చిపోతాడని భయపడి లోపల పెట్టేసిందట. ఇదంతా వాడి ముందుకాలు పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

నాకేం అడ్డొచ్చింది? ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే సరిపోయేది. మంచినీళ్ల సీసా కోసం రోజూ తీశాను కూడా.

జూలై 28

పెద్దాయన పోయాడు.

జూలై 31

ఇన్సులిన్ లేదు, తీసుకురా. ఇంతే మాట. మా అక్కచెల్లెళ్లకు ఇది కరువైంది. పక్కింటావిడతో గంటలు గంటలు మాట్లాడతాం. నోరున్న మేమిద్దరం మాటలు దాచుకుంటే నోరు లేనివాడు పోయాడు. ఈ పాపం సగం నాది అని రాయబోయాను. సగం కాదు. నలుగురిలో అక్కను నవ్వులపాలు చేసింది నేను.

బిస్కట్ల మాట తప్పే, క్షమించు అన్నాను. అక్క ఏ బిస్కట్లు అంది. మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో తెలియలేదు. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఆగస్టు 9

పొద్దున నేనేమీ అడగలేదు. వంటింట్లోంచి అక్క గట్టిగా చెప్పింది. నేను నా ఇన్సులిన్ వేసుకున్నాను, సీసాలో సగం పైనే మందు ఉంది, తేనక్కర్లేదు అని.

విన్నాను అన్నాను. మళ్లీ చెప్పమన్నాను.

మళ్లీ చెప్పింది.