సీసాల గది

ఐడహో,
సెప్టెంబర్ 29

ప్రియమైన తమ్ముడు రూలన్‌కు,

వెల్డా అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ దగ్గు తగ్గిందని తలుస్తాను. బావ గార్త్ బంగాళాదుంపల తవ్వకాల్లో ఉన్నాడు, తిండికి కూడా ట్రాక్టర్ దిగడం లేదు.

నీకు శిక్ష పడి నేటికి తొంభై ఏడు రోజులు. వంటింటి క్యాలెండర్లో రోజుకో గీత పెడుతున్నాను. నూట ఇరవై దాటాక శిక్ష తగ్గించమని పిటిషన్ వేస్తే, జడ్జిగారు జాలిపడినా చేయగలిగింది లేదట. లాయర్ టిండల్‌గారిని కలిశాను. ఒక్కసారే అడగనిస్తారని, శిక్ష తగ్గించగలరే గానీ పెంచలేరని చెప్పారు. "ఏడిస్తే తగ్గించరు వెల్డా. శిక్ష వేసిన రోజు జడ్జిగారికి తెలియనిదేదో చూపించాలి" అన్నారు. జైల్లో నువ్వు పూర్తిచేసిన మద్యం మానే తరగతుల కాగితం, గోదాములో పని ఇస్తామన్న ఉత్తరం ముందు పెట్టాను. "మంచివే, చాలవు. తాగి ట్రక్కు నడుపుతూ దొరకడం మూడోసారి. బయటికొస్తే ఎక్కడుంటాడు?" అని అడిగారు.

అందుకే నేలమాళిగలో గది ఖాళీ చేశాను. పాకంలో నిల్వపెట్టిన పీచ్ పండ్ల సీసాలు రెండు వందల పద్నాలుగు, అన్నీ మెట్ల కిందికి చేరాయి. గార్త్ చూసి, "వచ్చేది మీ తమ్ముడా, గవర్నరా?" అని నవ్వి, తనే మంచం బిగించాడు.

నిన్న ఫోన్లో నువ్వు, "నన్ను గడప తొక్కనివ్వనన్నది బావే కదా, ఆ మంచం మీద ఆయన్నే పడుకోమను" అన్నావు. నేను మాట మార్చి పీచ్ పండ్ల సంగతి ఎత్తాను.

సోమవారం పిటిషన్ వేస్తారు. నిన్ను కోర్టుకు పిలవకుండానే జడ్జిగారు తేల్చేయవచ్చట. దగ్గు మందు మానకు.

నీ రాక కోసం చూసే
అక్క వెల్డా

తా.క.: శిక్షకు ముందు కోర్టు పంపిన విచారణాధికారి ఇంటికొచ్చి, నిన్ను ఉంచుకోగలమా అని అడిగినప్పుడు గార్త్ పొలంలో ఉన్నాడు. గది లేదు, నిండా సీసాలేనని చెప్పింది నేను. సీసాలు ఒక్క గోడకే ఉండేవి. జనవరిలో తాగి పడి ఉన్న నిన్ను మంచులోంచి ఈడ్చుకొచ్చాక ఇక నావల్ల కాదనుకున్నాను. ఆ అధికారి "కుటుంబం సిద్ధంగా లేదు" అని రాసుకున్నాడు. జడ్జిగారు ఆ మాటే చదివి వినిపించి ఐదేళ్లు వేశారు. ఇదంతా ప్రమాణపత్రంలో రాసి సంతకం పెట్టాను. జడ్జిగారికి కొత్తగా తెలిసేది ఇదే. "కోర్టు కాగితంలో చదివేలోగా తమ్ముడికి నువ్వే చెప్పుకో" అన్నారు టిండల్‌గారు.

ఈ పొద్దున గార్త్‌కు కూడా చెప్పాను. విని, నీ గది తలుపుకు నువ్వు లోపల వేసుకునేలా గొళ్ళెం బిగించి పొలానికి వెళ్ళాడు.