మొదటి గిన్నె వాననీళ్లు

జూలై 1998, గురువారం రాత్రి

మా అమ్మాయి సింధు ఓడ ఉద్యోగానికి శిక్షణకు వెళతానంటోంది. సరేనో కాదో నేను రేపు పొద్దున చెప్పాలి. "ఓడ మునిగి నడి సముద్రంలో పడవలో చిక్కుకుంటే తాగడానికి నీళ్లెక్కడివే?" అని మొన్న అడిగాను. అందుకే ఇవాళ పక్క బిల్డింగు పనివాళ్లనడిగి నీలం టార్పాలిన్ తెచ్చి డాబా మీద కట్టింది, సముద్రపు తుంపర పడ్డట్టు ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టింది.

సాయంత్రం వాన మొదలవగానే దాని అంచున గిన్నె పట్టాను. నిండింది. సింధు తీసుకుని పారబోయబోయింది.

"అయ్యో, ఆగవే!"

"మొదటి వాన టార్పాలిన్ మీది ఉప్పును కడుగుతుందమ్మా. అది తాగితే దాహం ఇంకా పెరుగుతుంది."

నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే ఇంట్లో పెరిగి ఎంత తేలిగ్గా అంటోందో! వాచ్‌మన్ భార్య యాదమ్మ బకెట్ పట్టుకొచ్చింది. "పారబొయ్యకు బిడ్డా, ఈ బకెట్ల పొయ్యి. ఉప్పైతే ఏంది, మెట్లు కడగనీకొస్తయ్."

సింధు ఆ నీళ్లు అందులో పోసి మళ్లీ గిన్నె పట్టింది. ఈ రెండో గిన్నెలో గుక్కెడు పడేసరికి వాన ఆగిపోయింది.

"ఇప్పుడేం చేస్తావ్?" అన్నాను, గెలిచినట్టు.

"ఇంకో వాన కోసం చూస్తా," అని ఆ గుక్కెడూ నాకే ఇచ్చింది. తియ్యగా ఉంది.

దిగి వస్తూ యాదమ్మ బకెట్లో వేలు ముంచి నాకి చూశాను. ఉప్పే, కానీ కొంచెమే. పడవలో అంత దాహంలో నేనైతే తాగేసేదాన్ని. సింధు పారబోస్తుంది. అందుకు ధైర్యం తెచ్చుకోవాలో భయపడాలో తెలియడం లేదు. రేపు వెళ్లమనే అంటానేమో. నడి సముద్రంలో ఆ రెండో వాన ఎన్నాళ్లకు వస్తుందో మాత్రం అడగలేకపోయాను.