అక్క బరువుకు వేసిన స్ప్రింగులు

చిన్నోడా,

నువ్వు దేవుడి దగ్గరికి పోయినప్పటి నుంచి పరదా కిందే ఉన్న నీ ఎర్ర స్పోర్ట్స్ కారును ఇవాళ అక్క, పక్కన ఈ అమ్మను కూర్చోబెట్టుకుని, సారపాకలో మెకానిక్ యాకయ్య షెడ్డుకు తీసుకొచ్చింది. ఇకమీదట తనే నడుపుతుందట. స్ప్రింగులు, షాకప్‌లు మార్చాలి.

"నడిపేటోళ్ల బరువును బట్టి స్ప్రింగులు ఎంచాలె. నువ్వెంతుంటవ్ బిడ్డా?" అని అడిగాడు యాకయ్య.

"నాది చెప్పను పో. తమ్మునిదే వేస్కో" అంది అక్క.

"వాడు పుల్లలెక్క ఉండె. వాని లెక్కన మెత్తటియి వేస్తే, నువ్వు కూసున్నంక గుంతల్ల బండి కడుపు నేలకు తాకుతది."

ఇద్దరూ నా మొహం చూశారు. వెదురు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ దారి మనది.

"అక్క బరువుకే వెయ్యి" అన్నాను.

గట్టివి వేశాడు. అక్క నడిపితే కుదురుగానే పోయింది. నువ్వెక్కితే మాత్రం ఎగిరెగిరి పడతావు. అక్కడన్నా కడుపునిండా తిను నాయనా.